జాబితా చివర మేం నలుగురం

ఆ వేసవికి ముందు మా ఇంట్లో గడియారం చూసే అలవాటు ఎవరికీ లేదు. నాన్న ఉండగా దాంతో పనేముంది? ముప్పై ఒక్క ఏళ్ళు బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషి. ఏ బస్సు ఎన్నింటికి వచ్చి ఎక్కడ ఆగుతుందో పగలంతా ఊరికి చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి మాకు చెప్పేవాడు. "స్నానానికి వెళ్ళవలసిన వారికి మనవి. కుళాయి మరో పది నిమిషాల్లో ఆగిపోతుంది." "ఆగితే ఆగనీ, ముందు నువ్వాగరా నాయనా" అని నానమ్మ లోపల్నుంచి అరిచేది.

ఆయన గొంతంటే నాకు చచ్చేంత సిగ్గు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, గొడుగు మర్చిపోయానని వీధి అవతల నుంచి ఒక్క కేక వేశాడు. మూడంతస్తుల బడికి ఉన్న కిటికీలన్నీ తెరుచుకున్నాయి. ఆ రోజు నుంచి పంతం పట్టినట్టు నా గొంతు తగ్గించుకుంటూ వచ్చాను. పెద్దయ్యాక ఉద్యోగం కూడా కళ్ళజోళ్ళ దుకాణంలో చూసుకున్నాను. చీకటి గదిలో మనిషిని కూర్చోబెట్టి "కింది వరస చదవండి" అని మెల్లగా అంటే చాలు. "నువ్వు మాట్లాడుతున్నావో ఊపిరి పీలుస్తున్నావో తెలీదమ్మాయ్" అనేవాడు మా యజమాని. ఆయన విసుక్కునే అనేవాడు గానీ నాకది మెచ్చుకోలులా వినబడేది.

ఆ ఏడు ఎండలు ముదరకముందే బస్టాండులో మైకు తీసేశారు. కంప్యూటర్లోంచి ఒక ఆడగొంతు అన్ని బస్సులనీ ఒకే తీరున, ఎవరి మీదా కోపం గానీ ప్రేమ గానీ లేకుండా పిలవడం మొదలుపెట్టింది. నాన్నని సామాన్ల గదికి మార్చారు. పెట్టె తీసుకుని చీటీ ఇవ్వడం, చీటీ తీసుకుని పెట్టె ఇవ్వడం. "కష్టమేం లేదు, కూర్చునే పనే" అన్నాడు మొదటి రోజు ఇంటికొచ్చి. ఆ తర్వాత ఇక పెద్దగా ఏమీ అనలేదు. ఏళ్ళ తరబడి నేను కోరుకున్న నిశ్శబ్దమే అది. తీరా వచ్చాక ఇల్లు ఇల్లులా లేదు. నానమ్మకయితే తన చెవులే పోయాయన్న అనుమానమొచ్చి, చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని నా ప్రాణం తీసింది.

అసలు దెబ్బ తగిలింది మాత్రం అమ్మకి. అమ్మ ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకొచ్చే ఉద్యోగం చేస్తుంది. రోజుకి పధ్నాలుగు కిలోమీటర్లు, మెట్లు కాక. నలభై దాటాక, తోటి ఉద్యోగి ఎవరో ఎగదోస్తే నడక పందేల్లో చేరింది. అందులో పరుగెత్తకూడదు. ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీదే ఉండాలి, ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. "పరుగెత్తకుండా తొందరపడటం పెళ్ళైన దగ్గర్నుంచీ అలవాటే నాకు" అనేది నవ్వుతూ. పొద్దున్నే మైదానంలో ఆమె నడుస్తుంటే నాన్న స్టాప్‌వాచ్ పట్టుకుని గీత దగ్గర నిలబడి, చుట్టుచుట్టుకీ ఎంత పట్టిందో కేకేసి చెప్పేవాడు. ఆ కేక విని ఆమె అడుగు సరిచూసుకునేది. నోరు మూతపడ్డాక ఆయన వాచీని ఆమె ముఖానికి ఎదురుగా పెట్టి చూపించడం మొదలుపెట్టాడు.

"వాచీ చూస్తుంటే అడుగు తప్పుతోందండీ. నాకు వినబడాలి" అంది అమ్మ.

"సరే" అన్నాడు. మర్నాడు మళ్ళీ చూపించాడు.

అలాంటి రోజుల్లో వచ్చింది విదేశం నుంచి పిలుపు. యాభై దాటిన ఆడవాళ్ళకి ఐదు కిలోమీటర్ల నడక, శనివారం పొద్దున ఎనిమిదింటికి. మన దగ్గర నుంచి ఎంపికైంది అమ్మ ఒక్కతే. ఆ కాగితాన్ని ఆమె మీటర్లు రాసుకునే పుస్తకంలో పెట్టుకుని నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పాక మాత్రం నానమ్మ ఆగలేదు. "నా కోడలు అక్కడెక్కడో దేశాలన్నిటి ముందూ నడుస్తుంటే నేనిక్కడ తలుపులకి కాపలా ఉండాలా? నేనూ వస్తాను" అని కూర్చుంది. అలా నలుగురం బయలుదేరాం. అంతకుముందు మా నలుగురిలో విమానాన్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళు కూడా లేరు.

బుధవారం మధ్యాహ్నం, విమానం మారాల్సిన ఊళ్ళో దిగాం. రెండు గంటల్లో రెండో విమానం ఎక్కాలి. ఆ రెండు గంటలు మూడు రోజులయ్యాయి.

విమానాల్లో ఇంధనం నింపేవాళ్ళు ఆ పొద్దున్నే సమ్మెలోకి దిగారట. గోడ మీది పెద్ద బోర్డులో ఒక్కో విమానం పక్కనా ఎర్ర అక్షరాలు పడుతున్నాయి. మాతోపాటు అక్కడ దిగి అదే విమానం ఎక్కాల్సినవాళ్ళు నూట ముప్పై ఏడుగురు, అంతా తెలుగువాళ్ళే; ఆ పైన మేం నలుగురం. అందరం ఒకే కౌంటరు మీద పడ్డాం. కౌంటర్లో ఒక్క అమ్మాయి. ఆమె భాష వీళ్ళకి రాదు, వీళ్ళ భాష ఆమెకి రాదు. నీలం టోపీ పెట్టుకున్న ఒకాయన సామాన్లు తూచే బల్ల మీదికెక్కి నిలబడి "మీ పై అధికారిని పిలు! ఇప్పుడే పిలు!" అని కేకలేస్తున్నాడు. ఆయన కాళ్ళ కింద ఆయన బరువు ఎంతో ఎర్ర అంకెల్లో కనిపిస్తూనే ఉంది. పసిపిల్లలు ఏడుస్తున్నారు. కౌంటరమ్మాయి కంప్యూటరు వెనక తల దాచుకుంది. ఏడుస్తోందని నాకు తెలుస్తూనే ఉంది.

నాన్న అరగంట సేపు ఇదంతా చూశాడు. పక్కనే ఉన్నాను గనక చెబుతున్నాను, ఆయన ముఖంలో చిరాకు లేదు. పనిలోకి ఆలస్యంగా వచ్చిన మనిషి కంగారు ఉంది. లేచి చొక్కా సర్దుకున్నాడు.

"నాన్నా, వద్దు" అన్నాను. ఏం చేయబోతున్నాడో నాకు ముందే తెలిసిపోయింది.

"ప్రయాణికులకు మనవి!"

మైకు లేదు, ఏమీ లేదు. ఆ హాలు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒక్కసారిగా నోరు మూసుకుంది. అవతల దుకాణంలో అత్తరు సీసాలు తుడుస్తున్న మనిషి కూడా గుడ్డ పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను నేల వంక చూశాను.

"ఇంధనం నింపేవాళ్ళు సమ్మెలో ఉన్నారు. విమానం ఎప్పుడో ఇక్కడ ఎవరికీ తెలీదు. తెలీదన్న మాట ఈ అమ్మాయి చెప్పలేకపోతోంది, అందుకని నేను చెబుతున్నాను. మళ్ళీ సరిగ్గా అరగంటకి చెబుతాను. అందాకా కూర్చోండి."

"అరగంటకి కొత్తగా ఏం చెబుతావయ్యా?" అన్నాడు నీలం టోపీ, బల్ల మీద నుంచే.

"తెలిస్తే తెలిసింది చెబుతాను. తెలియకపోతే తెలియలేదని చెబుతాను. మీరు కిందికి దిగండి సార్, ఆ బల్ల విరిగితే రేపు మన పెట్టెలు తూచేదెక్కడ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నీలం టోపీ దిగాడు.

సరిగ్గా అరగంటకి నాన్న మళ్ళీ లేచాడు. "ఏమీ తెలియలేదు. మళ్ళీ అరగంటకి." ఇంకో అరగంటకి మళ్ళీ అదే. నాలుగోసారికి జనం తమంతట తాము వాచీలు చూసుకుని, "టైమైంది, ఆయన లేస్తాడు" అనుకోవడం విన్నాను. కొత్త సంగతి ఒక్కటీ లేకుండానే ఆ హాలు కుదుటపడింది. అప్పటిదాకా ఆయన పనంటే బస్సుల వేళలు చదవడమే అనుకున్నాను. జనం కోరేది బస్సు ఒక్కటే కాదని, తమని ఎవరో ఒకరు మర్చిపోకుండా ఉండటం కూడా కోరుకుంటారని నాకా రోజు తెలిసింది.

సాయంత్రానికి కౌంటరమ్మాయే నాన్న దగ్గరికొచ్చింది. నాకూ ఆమెకీ వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే అర్థమైందేమిటంటే, రేపటి నుంచి వేరే విమానాల్లో అక్కడో సీటు ఇక్కడో సీటు ఖాళీ దొరుకుతుంది. ఎవరిని ముందు పంపాలో తేల్చడం ఆమె వల్ల కాదు. తోసుకుని ముందుకొచ్చినవాళ్ళకే ఇస్తే తొక్కిసలాట అవుతుంది.

"వరస నేను చూసుకుంటాను, పాస్‌పోర్టులు నువ్వు చూసుకో అని చెప్పు" అన్నాడు నాన్న నాతో.

నా బ్యాగులోంచి నోటుపుస్తకం తీసుకుని హాలంతా తిరిగాడు. పేర్లు రాయలేదు, పెట్టెలు రాశాడు. "పేర్లు నాకు నిలవవండీ, పెట్టెలైతే ఒక్కసారి చూస్తే చాలు" అన్నాడు. సామాన్ల గదిలో మూడు నెలల్లో పట్టుబడిన విద్య. జబ్బుగా ఉన్న ఎర్ర తాడు పెట్టె మొదట. తర్వాత పసిపిల్లల తల్లులు, ఆ తర్వాత ముసలివాళ్ళు, ఆ తర్వాత వచ్చినవాళ్ళు వచ్చినట్టు. సొట్ట పడ్డ ఆకుపచ్చ పెట్టె. చక్రం ఊడిన నల్ల పెట్టె. పసుపు పెట్టె. నీలం టోపీ ఆయన "నాది ఖరీదైన తోలు పెట్టె అని రాయండి" అన్నాడు. నాన్న "పిడి విరిగిన తోలు పెట్టె" అని రాశాడు.

అన్నీ రాశాక చివర మా నాలుగూ రాశాడు. అమ్మ బూట్ల సంచి అన్నిటికన్నా కింద, నూట నలభై ఒకటి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నాన్నా, మనం వరసలో ముందు నుంచీ ఉన్నాం. నానమ్మ డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. అన్యాయంగా ముందు రాయమనడం లేదు, ఉన్నచోట రాయి."

"జాబితా రాసేవాడి మనుషులు చివరే ఉండాలి. బస్సు చెడిపోయినప్పుడల్లా మేం అలాగే రాసేవాళ్ళం. లేకపోతే ఆ కాగితాన్ని ఎవరూ నమ్మరు."

"ఇది బస్టాండు కాదు. అమ్మ పందెం శనివారం పొద్దున!"

"ఇంకా రెండు రోజులుందిగా" అన్నాడు. అన్నాడే గానీ నా ముఖం చూడలేదు.

నానమ్మని ఎవరో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె దాన్ని ఇక వదల్లేదు. మూడు రోజులూ మహారాణిలా అందులోనే తిరిగింది. "నన్నొక్కదాన్నీ ముందు పంపిస్తానంటే నేనొప్పుకోను. అక్కడ దిగి ఒక్కదాన్నీ గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా?" అంది. మా ఇంట్లో ఏ విషయంలోనూ అమ్మ మాట అడిగే అలవాటు లేదు, అమ్మకి అడగకుండా చెప్పే అలవాటూ లేదు. సంచిలోంచి నీలం బూట్లు తీసి తొడుక్కుని, లేచి నడక మొదలుపెట్టింది. హాలు పక్కన పొడుగాటి వసారా లాంటిది ఉంది. ఆ చివర నుంచి ఈ చివరికి మూడొందల అరవై అడుగులని లెక్కపెట్టుకుంది. పొద్దున ఇరవై సార్లు, సాయంత్రం ఇరవై సార్లు. మొదట్లో జనం చూసి నవ్వారు. ఆ నడుము ఊగడం, ఆ మోచేతులు ఆడటం కొత్తవాళ్ళకి నవ్వు తెప్పిస్తాయి మరి. సంగతేంటని నీలం టోపీ అడిగితే నానమ్మ చెప్పింది. చెప్పడమంటే మామూలుగా కాదు, కోడలు ఇప్పటికే గెలిచి వస్తోందన్నట్టు చెప్పింది. మర్నాటి నుంచి అమ్మ వస్తుంటే జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు.

గురువారం మూడు విమానాల్లో సీట్లు దొరికాయి. ఇరవై రెండు, ముప్పై ఒకటి, నలభై. నాన్న ఒక్కో పెట్టెనీ పిలిచాడు. పిలిచినవాళ్ళు లేచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఊపి మరీ వెళ్ళారు. తోపులాట ఒక్కటంటే ఒక్కటి లేదు. సమ్మె చేసేవాళ్ళని ఎవరో బూతులు తిడితే, "వాళ్ళ కష్టం వాళ్ళది సార్, ఒకసారి మేమూ చేశాం" అని ఊరుకోబెట్టాడు. కౌంటరమ్మాయి ప్రతి గంటకీ టీ తెచ్చి ఆయన పక్కన పెట్టేది. ఇంట్లో మూడు నెలలు మూగనోము పట్టిన మనిషి ఇతనేనా అని చూస్తూ ఉండిపోయాను. సిగ్గు సంగతే మర్చిపోయాను. కానీ కోపం పోలేదు. రోజంతా అరిచి అరిచి సాయంత్రానికి ఆయన గొంతు గరగరలాడటం మొదలైంది.

శుక్రవారం పొద్దున ముప్పై ఐదుమంది వెళ్ళారు. ఇంకా పదమూడుమందిమి మిగిలాం. మధ్యాహ్నం నాలుగింటికి ఒక విమానం ఉంది. అందులో ఎక్కితే రాత్రికి దిగుతాం, పొద్దున పందేనికి అందుతాం. అది తప్పితే మళ్ళీ శనివారం పొద్దునే. మూడింటికి కౌంటరమ్మాయి వచ్చి తొమ్మిది వేళ్ళు చూపించింది.

తొమ్మిది సీట్లు. మా ముందు సరిగ్గా తొమ్మిదిమంది.

నాన్న పుస్తకం తెరిచి కౌంటరు మీద పెట్టుకున్నాడు. చదవలేదు. పెన్ను మూత తీశాడు. నేనూ పక్కనే నిలబడి ఉన్నాను. పెన్ను మొన వెళ్ళి అట్టడుగు వరస మీద, అమ్మ బూట్ల సంచి మీద ఆగింది. ఆ వరస కొట్టేసి పైన రాస్తే చాలు. ఒక్క సీటు. మిగిలిన ముగ్గురం తర్వాత వెళ్ళొచ్చు. తొమ్మిదో మనిషి ఒక రోజు ఆగాల్సి వస్తుంది, అంతే. ఎవరూ నోరెత్తరు కూడా, ఈ మూడు రోజుల్లో ఆయన మాట మీద అంత నమ్మకం కుదిరింది. రాసెయ్ నాన్నా అని లోపల్లోపల వంద దండాలు పెట్టుకున్నాను.

అమ్మ అప్పుడే ఆ చివర నుంచి నడుచుకుంటూ వచ్చింది. పెన్ను చూసింది. ఆగింది.

"తొమ్మిదోది ఎవరిది?"

"పసుపు పెట్టె" అన్నాడు నాన్న. "వెల్డింగు పనివాడు. రేపు పనిలో చేరాలట. చేరకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారట."

అమ్మ అటు తిరిగి చూసింది. పసుపు పెట్టె మీద కూర్చుని ఒక కుర్రాడు బూటు లేసు విప్పి మళ్ళీ కడుతున్నాడు.

"అతన్ని పిలవండి" అంది.

"ఏమోయ్, నీ పందెం..."

"మూడు రోజుల్నుంచి చదువుతున్నారు. ఉన్నది ఉన్నట్టు చదవండి" అని నడక మొదలుపెట్టింది.

నాన్న పెన్ను మూత పెట్టాడు. చదవడం మొదలుపెట్టాడు. ఐదో పెట్టె దగ్గర గొంతు జీరపోయింది. తొమ్మిదోది వచ్చేసరికి గాలే తప్ప మాట రాలేదు, ఆ కుర్రాడికి చెయ్యి ఊపి చూపించాల్సి వచ్చింది. అమ్మ అవతలి చివర గోడ దగ్గరికి వెళ్ళి, తిరక్కుండా కాసేపు అక్కడే నిలబడింది. భుజాలు చూస్తే తెలుస్తోంది ఏడుస్తోందని. తర్వాత ముఖం తుడుచుకుని, తిరిగి, మిగిలిన చుట్లు కూడా పూర్తిచేసింది. నాకూ ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే, ఈ ఇద్దరూ నా అమ్మా నాన్నా అని అక్కడున్న ప్రతి ఒక్కరికీ చెప్పుకోవాలనిపించింది. ఏం లాభం, చెప్పుకోవడానికి ఆ హాల్లో మేమే మిగిలాం.

శనివారం మధ్యాహ్నం మేం చేరేసరికి పందెం అయిపోయి నాలుగు గంటలైంది. మైదానంలో ఇద్దరు మనుషులు జెండాలు పీకి కట్టలు కడుతున్నారు. పలక మీద ఫలితాల కాగితం అంటించి ఉంది. ఆఖరి వరసల్లో అమ్మ పేరూ, పక్కన రాలేదని గుర్తూ. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది. మేం ముగ్గురం ఆమెను చూస్తూ నిలబడ్డాం.

"ఇంత దూరం వచ్చి ఈ కాగితం చూసి పోవడమేనా?" అంది నానమ్మ.

పక్క గదిలో బల్ల దగ్గర మెడలో ఈల వేసుకున్న ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. జుట్టు మొత్తం తెల్లగా నెరిసింది. నాన్న ముందుకెళ్ళి నోరు తెరిచాడు. బుస్సుమని గాలి వచ్చింది. నిన్న పోయిన గొంతు పోయినట్టే ఉంది.

"మీరుండండి" అంది అమ్మ. "నేనడుగుతాను."

నేను పుట్టిన దగ్గర్నుంచీ అమ్మ ఎవర్నీ ఏదీ అడగ్గా చూడలేదు. బల్ల మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది. నన్ను పక్కన పెట్టుకుని, ఒక్కో మాటా అటు చేరేదాకా ఆగి ఆగి చెప్పింది. "రేపు పది కిలోమీటర్ల నడక ఉందిగా. నన్ను చేర్చుకోండి."

పేర్లు ఇవ్వాల్సిన గడువు దాటిందంది ఈల పెద్దావిడ. అమ్మ కదల్లేదు.

"ఆ సమ్మె వల్ల రేపటి నడకకి ఎంతమంది రాలేకపోయారో అడుగు."

ముగ్గురని చెప్పింది ఆవిడ.

"ఆ మూడు చోట్లూ ఖాళీగానే పోతాయిగా. వాళ్ళు ఎందుకు రాలేదో నేనూ అందుకే రాలేకపోయాను. కాకపోతే నేను వచ్చాను. ఒక చోటు నాకివ్వమను."

"పది కిలోమీటర్లు ఎప్పుడైనా నడిచావా?" అని ఆవిడ ప్రశ్న.

"రోజూ పధ్నాలుగు నడుస్తాను. మధ్యలో మెట్లెక్కి మీటర్లు కూడా చూస్తాను."

నేనది నా వచ్చీరాని ఇంగ్లీషులో ఎలా చెప్పానో నాకే తెలీదు. ఈల పెద్దావిడ అమ్మ బూట్ల వంక చూసి, అరిగిన మడమల వంక చూసి, సొరుగులోంచి కాగితం తీసి ముందుకు జరిపింది. అమ్మ తన పేరు తానే రాసింది.

మర్నాడు పొద్దున, తోట పక్క వీధిలో పందెం. ఒక కిలోమీటరు చుట్టు, పదిసార్లు తిరగాలి. ఇరవై ఒక్కమంది ఆడవాళ్ళు. కట్టిన తాడుకి ఇవతల, జనంలో మేం ముగ్గురం. నాన్న చేతిలో స్టాప్‌వాచ్.

మొదటి చుట్టులో అమ్మ మా ముందు నుంచి వెళ్ళింది. నాన్న నోరు తెరిచాడు. మాట రాలేదు. వాచీ పైకెత్తి చూపించాడు. ఆమె చూడలేదు, చూడదని మాకూ తెలుసు. ఆమె చెవి మాత్రం ఇటే ఉందని నాకు తెలుస్తోంది. రెండో చుట్టులో బాగా ఎక్కువ వేగం, మూడో చుట్టులో బాగా తక్కువ. ఒక న్యాయనిర్ణేత వచ్చి మోకాలు వంగుతోందని పసుపు పలక చూపించి హెచ్చరించాడు. నాలుగో చుట్టుకి అమ్మ పదిహేడో మనిషి. అడుగు ఎక్కడ వేస్తోందో తనకే తెలీనట్టు నడుస్తోంది. మూడు రోజులు కుర్చీల్లో పడుకున్న ఒళ్ళు, పైగా అలవాటు లేని దూరం. నాన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గొంతు మీద చెయ్యి వేసుకుని నొక్కుకుంటున్నాడు, అలా నొక్కితే వస్తుందన్నట్టు.

నానమ్మ నా జబ్బ మీద ఒక్కటేసింది. "ఒసేయ్, వాడి గొంతు పోయింది. నీకేం రోగం?"

నాన్న నా వైపు చూశాడు. వాచీ నా చేతిలో పెట్టాడు.

అమ్మ ఐదో చుట్టు ముగించి వస్తోంది. వాచీ నొక్కాను. నోరు తెరిచాను. దుకాణంలో మాట్లాడే గొంతే వచ్చింది, పక్కనున్న మనిషికి కూడా వినబడలేదు. అమ్మ దాటిపోతోంది. ఇంకో నాలుగడుగులు వేస్తే మలుపు తిరిగిపోతుంది.

"ఐదోఓ చుట్టు! ఏడూ పదీఈ!"

అది నాలోంచే వచ్చిందని ఒక్క క్షణం నేనే నమ్మలేదు. తాడు పొడుగునా జనం ఉలిక్కిపడి తల తిప్పారు. ఎదురుగా ఉన్న మేడ మీద ఒక కిటికీ తెరుచుకుంది. తెరుచుకోనీ అనుకున్నాను. అమ్మ తిరిగి చూడలేదు గానీ భుజాలు కిందికి దిగాయి. మోచేతులు దగ్గరికొచ్చాయి. అంత దూరం నుంచి కూడా చూశాను, అడుగు దొరికింది ఆమెకి.

"ఆరోఓ చుట్టు! ఆరూ యాభైఈ!" ఏడో చుట్టు ఆరు నలభై. ఎనిమిదికి ఆరు ముప్పై ఎనిమిది. ఒక్కొక్కరినే దాటుకుంటూ వస్తోంది. తొమ్మిదికి పదకొండో మనిషి. నానమ్మ కర్రతో నేల కొడుతోంది. నాన్న పెదవులు నాతోపాటు ప్రతి అంకెకీ కదులుతున్నాయి, శబ్దం లేకుండా. పక్కనున్నవాళ్ళకి మా మాట ఒక్కటి కూడా అర్థం కాదు, అయినా చివరి చుట్టులో వాళ్ళు కూడా నాతో కలిసి ఏదో ఒకటి అరిచారు.

అమ్మ తొమ్మిదో స్థానంలో వచ్చింది. దేశం కాని దేశంలో, వెళ్ళాల్సిన పందెం పోగొట్టుకుని, పేరు తానే రాసుకుని నడిచిన పందెంలో, ఇరవై ఒక్కమందిలో తొమ్మిదోది. పతకాలు ముగ్గురికే ఇస్తారు. మా ఇంటికి పతకం రాలేదు. ఆ రోజు మాకున్నంత గర్వం ఆ ముగ్గురి ఇళ్ళల్లో ఉందని మాత్రం నేను ఒప్పుకోను.

గీత దాటాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చాలాసేపు ఊపిరి తీసుకుంది. నానమ్మ తువ్వాలు కప్పింది. అమ్మ తల ఎత్తి మొదట నాన్న వైపే చూసింది. చెమటలో, ఆయాసంలో, నేనెప్పుడూ చూడనంత పెద్దగా నవ్వింది.

"ఐదో చుట్టు నుంచీ ఎంత బాగా వినబడిందండీ! గొంతు ఎప్పుడొచ్చింది మీకు?"

నాన్న నోరు తెరిచి, మూసి, వేలితో నన్ను చూపించాడు.